తెరచాప పడవల మిశ్రమ ఫ్లీట్ పందెంలో రీచ్ మీద ఎగువకు పోవాలా, దిగువకు దిగాలా?

తిరువాన్మియూరు తెరచాప అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. హుస్సేన్ సాగర్ మీద పడవ నడపడం నేర్చుకుని, ఉద్యోగరీత్యా చెన్నై చేరి, ప్రస్తుతం హార్బర్ బయట సముద్రంలో మా తమ్ముడితో కలిసి ఫోర్‌ట్వంటీ (ఇద్దరు నడిపే తెరచాప పడవ) నడుపుతున్నాను. వారాంతపు పందేలకు ఒక్కొక్క తరగతిలో సరిపడా పడవలు రాని రోజుల్లో వేగమైన ట్వెంటీనైనర్లనూ, ఫోర్‌ట్వంటీలనూ, ఒక్కరే నడిపే రెండు రకాల లేజర్లనూ ఒకే స్టార్టులో వదిలి, ఒక్కో తరగతి వేగాన్ని బట్టి నిర్ణయించిన పోర్ట్స్‌మత్ అంకెలతో సమయాలను సరిచేసి ఫలితాలు ప్రకటిస్తారు. ఆప్టిమిస్టు అనే చిన్న పడవలు నడిపే పిల్లల స్టార్టు వేరైనా మార్కులు (చుట్టి తిరగవలసిన గుర్తులు) అవే కావడంతో వాళ్లు కూడా మా దారిలోనే ఉంటారు.

కోర్సు సాధారణంగా త్రిభుజం. మార్కులన్నీ ఎడమచేతి వైపు వదిలి తిరగాలి. బీట్ మీద, అంటే గాలికి ఎదురుగా ఎక్కే దారిలో, ఏం చేయాలో ఒక స్పష్టత ఉంది. ఎగువ (గాలి వచ్చే వైపు) మార్కు తిరిగిన తరువాత మొదటి రీచ్ (గాలిని పక్కనుంచి తీసుకుంటూ సాగే దారి) మీద మాత్రం అన్నదమ్ములిద్దరికీ పొసగడం లేదు. వెనక ఉన్న పడవ మన గాలిని కోసేయకుండా ముందు కొంత ఎగువకు ఎక్కి, తరువాత మార్కు మీదికి దిగాలని నా అభిప్రాయం. అందరూ ఎగువకు పోతున్నప్పుడు మనం సూటిగానో, కాస్త దిగువగానో పోతే లాభమని తమ్ముడి వాదన. దీనికి తోడు వెనక నుంచి ట్వెంటీనైనర్ దూసుకు వస్తున్నప్పుడు అడ్డుకోవాలా, వదిలిపెట్టాలా అన్నది మరొక సందేహం. గాలి మధ్యాహ్నం పూట 10 నుంచి 14 నాట్ల మధ్య ఉంటుందనుకుని సమాధానం చెప్పగలరు.

రాయపురం రేవు ఇచ్చిన సమాధానం:

మీ ఇద్దరి మాటల్లో ఏది సరైనదన్నది తేలాలంటే, ఆ క్షణంలో మీరు ఎవరితో పోటీ పడుతున్నారన్నది ముందుగా తేలాలి. ఒకే తరగతి పడవల పందెంలో ముందున్నవాడే గెలుస్తున్నవాడు కాబట్టి, ఎవరు దాటబోయినా అడ్డుకోవడంలో అర్థం ఉంది. మీదిలాంటి హ్యాండిక్యాప్ (సమయాలు సరిచేసే) పందెంలో పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి ఆ పడవ అంకెతో భాగిస్తారు. అంకెలు ఏటా కొద్దిగా మారుతుంటాయి గానీ, ఫోర్‌ట్వంటీ, పెద్ద లేజర్ రెండూ 1100 దగ్గర ఉంటాయి, చిన్న తెరచాప లేజర్ 1150 దగ్గర, ట్వెంటీనైనర్ 900 దగ్గర ఉంటుంది. అంటే ట్వెంటీనైనర్ గంటలో ముగించిన పందేన్ని మీరు 73 నిమిషాల్లో ముగించినా దానితో సమానమే. ఇన్ని నిమిషాలు మీకు బాకీ ఉన్న పడవను రీచ్ మీద లఫ్ చేసి, అంటే ముక్కును గాలి వైపు తిప్పి, ఆపడం వల్ల పోయేది మీ సమయమే. పక్కనే సాగిపోతున్న లేజర్ మాత్రం మీ ఇద్దరి తగవును చూసి సంతోషిస్తుంది. మీ అసలు పోటీ పెద్ద లేజర్లతోనూ, తోటి ఫోర్‌ట్వంటీలతోనూ. వాళ్ల విషయంలో ఒక్కో పడవ పొడవుకూ విలువ ఉంది. మిగిలినవాళ్లందరూ, కటువుగా చెప్పాలంటే, గాలిని పాడుచేసే అడ్డంకులు మాత్రమే.

ఇప్పుడు ఎగువ, దిగువల సంగతి. ఎగువ మార్కు తిరగగానే ఒకడు గాలి కాపాడుకోవడానికి కొంచెం ఎక్కుతాడు, వాడి వెనకవాడు వాడికంటే ఎక్కువ ఎక్కుతాడు, చివరికి ఫ్లీట్ మొత్తం విల్లులా వంగిన దారిలో పోతుంది. దీనివల్ల పెరిగే దూరం చూస్తే పెద్దదేమీ కాదు. మార్కుకూ మార్కుకూ మధ్య 600 మీటర్ల లెగ్‌లో మొదటి సగం 10 డిగ్రీలు ఎగువకు, రెండో సగం 10 డిగ్రీలు దిగువకు నడిపితే అదనంగా పడేది సుమారు 9 మీటర్లే. 20 డిగ్రీలైతే మాత్రం 38 మీటర్లు దాటుతుంది. అసలు నష్టం దూరంలో కాదు, కోణంలో ఉంది. ఎగువకు పోయినవాళ్లు చివరి మూడోవంతులో గాలిని దాదాపు వీపు మీద పెట్టుకుని మార్కు మీదికి దిగవలసి వస్తుంది, అప్పటికి అందరి వేగమూ పడిపోతుంది. అదే సమయంలో దిగువన పోయినవాడు పదునైన కోణంలో, ఎక్కువ వేగంతో మార్కుకు ఎక్కి వస్తాడు. పైగా ఎడమచేతి త్రిభుజంలో మొదటి రీచ్ స్టార్‌బోర్డ్ టాక్ మీద (గాలి కుడి పక్కనుంచి తగులుతూ) సాగుతుంది కనుక, రెండు రీచ్‌ల మధ్య మలుపైన జైబ్ మార్కు దగ్గర లోపలి పక్క దొరికేది దిగువన ఉన్న పడవకే. రెండో రీచ్ పోర్ట్ టాక్ మీద (గాలి ఎడమ పక్కనుంచి) కాబట్టి అక్కడ లెక్క తిరగబడుతుంది, లోపలి పక్క ఎగువ పడవది అవుతుంది. అందుచేత మొదటి రీచ్‌లో మీ తమ్ముడి మాటకూ, రెండో రీచ్‌లో మీ మాటకూ నేను మొగ్గు చూపుతాను.

దిగువ దారికి ఒక షరతు ఉంది. మీ వెనక కనీసం నాలుగైదు పడవ పొడవుల ఖాళీ ఉన్నప్పుడే అది పనికివస్తుంది. వెనకవాడు మీ వీపుకు అతుక్కుని ఉన్నప్పుడు దిగువకు దిగితే వాడి గాలినీడలోకి, అంటే వాడి తెరచాప గాలిని అడ్డుకున్న చోటికి, మీరే నడిచి వెళ్లినట్టు. మీ నీడ ఎవరి మీద పడుతోందో తెలియాలంటే మాస్టు చివర ఉన్న గాలిసూచిక తోక ఎటు చూపుతోందో గమనించండి. పడవ కదులుతున్నప్పుడు మనకు తగిలే గాలి ముందుకు జరుగుతుంది కనుక రీచ్ మీద నీడ నేరుగా పక్కకు కాక, దిగువ పక్కకూ వెనకకూ పడుతుంది. ఎవరి నీడలో మీరు ఉన్నారో తెలుసుకోవడానికి కూడా వాళ్ల సూచికే ఆధారం.

ఇక్కడి సముద్రం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే సరస్సు మీద నేర్చుకున్నవారికి ఇది కొత్తగా ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి అందుకున్నాక, ఎగువ మార్కు ఆగ్నేయానికి, జైబ్ మార్కు సముద్రం లోపలి వైపుకు పడతాయి. అప్పుడు మొదటి రీచ్ దాదాపు ఉత్తరానికి తీరం వెంబడి, రెండోది పడమటికి ఊరి వైపుగా సాగుతాయి. ఫిబ్రవరి నుంచి తీరం వెంట ఉత్తరానికి పారే ప్రవాహం మొదటి రీచ్‌లో వెనక నుంచి తోస్తుంది కాబట్టి దాని గురించి బెంగ లేదు. రెండో రీచ్‌లో అదే ప్రవాహం మిమ్మల్ని అడ్డంగా దిగువకు నెట్టుతుంది. అక్కడ ఒకసారి దిగువకు జారినవాడు మళ్లీ మార్కుకు ఎక్కడానికి స్పిన్నేకర్ (ముందు ఎత్తే బుడగలాంటి పెద్ద తెరచాప) దించవలసి వస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్య గాలులు మొదలై ప్రవాహం దక్షిణానికి మళ్లినప్పుడు పరిస్థితి అటుదిటవుతుంది. అప్పుడు మొదటి రీచ్ పడమటికి, అంటే ప్రవాహానికి అడ్డంగా ఉంటుంది, రెండోది దక్షిణానికి ప్రవాహంతో పాటు పోతుంది. ఆ నెలల్లో మొదటి రీచ్ మీద దిగువ దారిని ఆశించేవారు ప్రవాహం మోతాదును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇది కంటితో కనిపెట్టగల విషయమే. పడమటి వైపు పోతున్నప్పుడు మార్కు వెనక తీరం మీద ఏదో ఒక స్థిరమైన గుర్తును పట్టుకోండి. హార్బర్ క్రేన్ కావచ్చు, మెరీనా దీపస్తంభం కావచ్చు. 1977 దాకా దీపస్తంభంగానే పనిచేసిన హైకోర్టు గోపురం కనబడితే మరీ మంచిది. వేసవిలో ఆ గుర్తు మీదుగా మార్కు ఎడమకు జరుగుతూ పోతోందంటే, పడవ ముక్కు ఎటు చూస్తున్నా మీరు దిగువకు కొట్టుకుపోతున్నారని అర్థం. రెండూ ఒకే వరసలో నిలిచే దాకా ముక్కును ఎగువకు పెట్టాలి.

ట్వెంటీనైనర్ వెనక నుంచి వస్తుంటే, అది మీకు ఎగువన దాటబోతోందా, దిగువన దాటబోతోందా అన్నది త్వరగా తేల్చుకోండి. దిగువన పోతే దాని నీడ మీ మీద పడదు కాబట్టి మీకు నష్టం లేదు, అందుకు వీలుగా అర పడవ ఎగువకు జరిగి దారి ఇవ్వడం కూడా తెలివైన పనే. ఎగువన పోతే, అది మీ పక్కకు రాకముందే కొద్దిగా దిగువకు వంగి దూరం పెంచండి. అది 12 నాట్లతో, మీరు 7 నాట్లతో పోతున్నప్పుడు నీడ కొద్ది సెకన్లలో దాటిపోతుంది, నీడ దాటగానే పాత దారికి రండి. ఆ సెకన్లలో చుక్కాని ఎక్కువగా తిప్పకండి.

మిగతా సమయమంతా గాలి పెరిగినప్పుడు దిగడం, తగ్గినప్పుడు ఎక్కడం, ఇదే పని. గాలిపోటు వచ్చాక దిగితే ఆలస్యమైపోతుంది. నీటి మీద నల్లని మచ్చ కనబడగానే తమ్ముడు కేక వేయాలి, పడవను ముందుగా చదును చేయాలి, ఆ తరువాతే దిగాలి.

మైలాపూరు లేజర్ ఇచ్చిన సమాధానం:

రేవు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ దిగువ దారి విషయంలో ఆయన కొంచెం ఉదారంగా మాట్లాడారు. మిశ్రమ ఫ్లీట్‌లో దిగువన పోయేవాడి మీద ఒకరి నీడ కాదు, వరసగా నాలుగైదు రకాల నీడలు పడతాయి. పొడవాటి మాస్టు ఉన్న ట్వెంటీనైనర్ నీడ మాస్టు ఎత్తుకు నాలుగైదు రెట్ల దూరం దాకా ఇబ్బంది పెట్టగలదు. లేజర్ నీడ అంత దూరం రాదు, ఆప్టిమిస్టు నీడ చాలా చిన్నది. కాబట్టి దిగువకు దిగదలచుకుంటే ఎగువ మార్కు తిరిగిన వెంటనే, అందరూ ఎగువకు ఎక్కే గొడవలో ఉండగానే, నిక్కచ్చిగా దిగి ఎడం సంపాదించాలి. అర మనసుతో రెండు పొడవులు దిగి ఆగిపోయేవాడికి ఎగువ దారి లాభమూ ఉండదు, దిగువ దారి లాభమూ ఉండదు.

మీ ప్రత్యర్థులైన లేజర్ల వైపు నుంచి ఒక రహస్యం చెబుతాను. ప్లేనింగ్‌కు (పడవ నీటి మీదికి లేచి జారడానికి) సరిపడని 8, 9 నాట్ల గాలిలో లేజర్ తన నీటిగీత పొడవు అనుమతించే వేగం, అంటే సుమారు 4.7 నాట్ల దగ్గర ఇరుక్కుపోతుంది. అటువంటప్పుడు స్పిన్నేకర్ ఎత్తిన ఫోర్‌ట్వంటీ పక్కనుంచి కొద్దిపాటి ఎక్కువ వేగంతో పోతే, దాని వెనక పక్క లేచే కెరటం మీదికి మేము ముక్కు చేర్చి, ఆ లెగ్ చివరిదాకా ఉచితంగా ప్రయాణం చేస్తాం. ఇందులో నియమ విరుద్ధం ఏమీ లేదు. మమ్మల్ని వదిలించుకోవాలంటే మాకు ఎగువన రెండు పొడవుల దూరం పెట్టి దాటండి, అప్పుడు మీ నీడ మా మీద పడుతుంది, మీ కెరటం మాకు అందదు. దిగువన, దగ్గరగా దాటాలని చూస్తే మా నీడలో మీరు ఆగిపోతారు, అక్కడినుంచి మేము కదలనివ్వం.

12 నాట్లు దాటాక కథ మారుతుంది, అప్పుడు మేము కూడా లేస్తాం. సముద్రపు కెరటాలు ఇక్కడ రెండు రీచ్‌లలోనూ ఎక్కువగా వెనక పక్క నుంచే వస్తాయి కాబట్టి, కెరటం ముక్కు కింద నుంచి కాక తోక కింద నుంచి ఎత్తుతున్న క్షణాన ఒక్కసారి మెయిన్‌షీట్ (పెద్ద తెరచాప తాడు) లాగి, ఆ వాలు మీద జారిపోవడం నేర్చుకున్నవాడికి ఎగువ దిగువల చర్చ సగం అనవసరం. పందెం నియమం 42 ప్రకారం సర్ఫింగ్ గానీ ప్లేనింగ్ గానీ సాధ్యమైన పరిస్థితిలో, ఒక కెరటానికి లేదా ఒక గాలిపోటుకు ఒక్కో తెరచాపను ఒక్కసారి మాత్రమే లాగాలన్నది గుర్తుంచుకోండి.

ఆప్టిమిస్టు పిల్లల గుంపు దారిలో కనబడితే మొత్తం గుంపునూ ఒకే పక్క నుంచి దాటండి. వాళ్ల మధ్యలోంచి దారి వెతుక్కోవడం ప్రమాదమే కాదు, మర్యాద కూడా కాదు.

నియమావళి పురుగు ఇచ్చిన సమాధానం:

ఇద్దరూ నీటి గురించి చెప్పారు, నేను పుస్తకం గురించి చెబుతాను. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2025 నుంచి 2028 దాకా వర్తించే పందెం నియమాలు. మిశ్రమ ఫ్లీట్‌లో తగవులు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి.

మొదటిది లఫింగ్. ఒకే టాక్ మీద ఓవర్‌ల్యాప్ అయిన (ముందూవెనకా విడిగా కాక పక్కపక్కకు వచ్చిన) రెండు పడవల్లో ఎగువ పడవ తప్పుకోవాలన్నది నియమం 11. వెనక నుంచి వచ్చి, తన పొడవుకు రెండు రెట్ల దూరం లోపల దిగువన ఓవర్‌ల్యాప్ సాధించిన పడవకు మాత్రం నియమం 17 వర్తిస్తుంది, అంటే ఆ పడవ తన సరైన కోర్సును మించి ఎగువకు పోకూడదు. సరైన కోర్సు అంటే ఆ రెండో పడవ అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా ముగించడానికి తాను ఎంచుకునే దారి. ఇక్కడే తమాషా ఉంది. జెన్నేకర్ (ముక్కు ముందు ఎత్తే పెద్ద తెరచాప) ఎత్తిన ట్వెంటీనైనర్ వేగం కోసం మార్కు గీతకంటే ఎంతో ఎగువగా నడవడం సహజం, అదే దాని సరైన కోర్సు. కాబట్టి అది మీకు దిగువన వచ్చి మిమ్మల్ని మార్కుకు దూరంగా ఎగువకు తోసుకుపోతున్నట్టు అనిపించినా, దాని కోర్సు దానికి సరైనదే అయితే తప్పుకోవలసిన పడవ మీదే. ప్రొటెస్టు చేస్తామంటూ అరిచే ముందు ఈ సంగతి ఆలోచించాలి. దీనికి భిన్నంగా, ట్వెంటీనైనర్ మీకు ఎగువన దాటబోతే మీకు నియమం 17 అడ్డు లేదు, గాలికి ఎదురుగా ముక్కు చేరేదాకా లఫ్ చేయవచ్చు, అయితే తప్పుకోవడానికి దానికి చోటు ఇస్తూ తిప్పాలన్నది నియమం 16. హక్కు ఉన్నంత మాత్రాన వాడుకోవాలా అన్న ప్రశ్నకు రేవు గారు ఇచ్చిన లెక్కే సమాధానం.

రెండోది మార్కు దగ్గరి జోన్. జోన్ అంటే మార్కుకు దగ్గరగా ఉన్న పడవ పొడవుకు మూడు రెట్లు. ఒకే తరగతి పందెంలో ఇది అందరికీ ఒకటే. మిశ్రమ ఫ్లీట్‌లో మార్కుకు దగ్గరగా ఉన్నది ట్వెంటీనైనర్ అయితే 13 మీటర్ల పైచిలుకు, ఫోర్‌ట్వంటీ అయితే 12.6 మీటర్లు, ఆప్టిమిస్టు అయితే 7 మీటర్లే. పిల్లల పడవ లోపలి పక్క మార్కుకు దగ్గరగా ఉన్నప్పుడు, మనం జోన్‌లోకి వచ్చేశామని భ్రమపడి ఓవర్‌ల్యాప్ ముందే తెగిపోయిందని వాదించే పెద్దవాళ్లు ఉంటారు, ఆ వాదన విచారణలో నిలబడదు. వాటిలో మొదటిది జోన్ చేరిన క్షణాన ఓవర్‌ల్యాప్ ఉంటే లోపలి పడవకు మార్కు చోటు ఇవ్వవలసిందే, ఆ పడవ ఎంత చిన్నదైనా, ఎంత నెమ్మదిదైనా.

తిరువాన్మియూరు తెరచాప:

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. తమ్ముడు ఈ సమాధానాలను ఇప్పటికే రెండుసార్లు చదివి వినిపించాడు, వాడి భాగం వరకే. ఒక్క సందేహం మిగిలింది. గాలి కొంచెం పక్కకు తిరిగి మొదటి రీచ్ బిగుతుగా (గాలికి మరింత ఎదురుగా) మారినప్పుడు, స్పిన్నేకర్‌ను మార్కు తిరగగానే ఎత్తాలా, లేక ఆగాలా? ఎత్తితే దిగువకు జారిపోతున్నాం, ఎత్తకపోతే తోటి ఫోర్‌ట్వంటీలు వెళ్లిపోతాయేమోనన్న భయం.

రాయపురం రేవు:

బిగుతు రీచ్ అయితే నేను పైన చెప్పిన దిగువ దారిని పక్కన పెట్టండి. మార్కు తిరిగాక రెండు తెరచాపలతోనే, తమ్ముడు ట్రపీజ్ (మాస్టు నుంచి వేలాడే తీగ) మీద పూర్తిగా బయటికి వేలాడుతూ, మొదటి మూడోవంతు లెగ్ మార్కు గీతకు ఎగువగా వేగంగా నడవండి. స్పిన్నేకర్ నిలుస్తుందనిపించే కోణం దొరికాక ఎత్తి, ఆ ఎత్తును ఖర్చు పెట్టుకుంటూ మార్కు మీదికి దిగండి. వెంటనే ఎత్తినవాళ్లు మొదట ముందుకు పోయినట్టు కనిపిస్తారు, తరువాత సగం దారిలో తెరచాప చెదిరి, దించి, మళ్లీ ఎక్కడానికి అవస్థ పడతారు.

ఎత్తాక స్పిన్నేకర్ పోల్ దాదాపు ఫోర్‌స్టేను (మాస్టును ముందునుంచి పట్టే తీగను) తాకేలా ముందుకు వదిలి, ఎగువ పక్క ట్వీకర్‌ను (స్పిన్నేకర్ తాడును కిందికి పట్టే చిన్న తాడును) పూర్తిగా కిందికి లాగి, దిగువ పక్కది వదిలేయండి. సెంటర్‌బోర్డును (పడవ అడుగున నీటిలోకి దిగే పలకను) మూడోవంతుకు మించి ఎత్తకండి, బిగుతు రీచ్‌లో పక్కకు జారడం ఎక్కువ. గాలిపోటులో పడవ ఒరిగిపోతుంటే ముందుగా కిక్కర్ (బూమ్‌ను కిందికి లాగి పట్టే తాడు) వదలండి, బూమ్ (తెరచాప అడుగు కర్ర) చివర నీళ్లకు తగిలిందంటే చుక్కాని ఎంత లాగినా ఆ పడవ దిగదు.

వేసవిలో రెండో రీచ్ ప్రవాహానికి అడ్డంగా ఉంటుందని చెప్పాను కదా, అక్కడ దించడం మీరు అనుకున్నదానికంటే ముందే మొదలుపెట్టాలి. దిగువ మార్కుకు ఆరేడు పొడవుల దూరంలో ఉన్నప్పుడే తమ్ముడిని లోపలికి పిలిచి తెరచాపను ఎగువ పక్క నుంచి సంచిలోకి దించేయండి. ఆ చివరి గజాలలో స్పిన్నేకర్ ఇచ్చే వేగంకన్నా, లోపలి పక్కను నిలుపుకుని, మార్కును విశాలంగా సమీపించి ఇరుకుగా వదిలి, బీట్ మీదికి శుభ్రమైన గాలిలో లేవడం వల్ల వచ్చే లాభమే పెద్దది.